నీకంటే మంచివాడు

(పిల్లలు కలగని దంపతుల గోడు వినే సహాయ కేంద్రం. మధ్యాహ్నం. ఫోన్ ఎత్తిన కౌన్సెలర్‌తో ఒక మగగొంతు.)

"...ఆడగొంతులా ఉందే?"

"ఆడదాన్నే కాబట్టి. చెప్పండి."

"అక్కడ మగవాళ్ళెవరూ లేరా?"

"మగవాళ్ళతోనే మాట్లాడాలంటే సాయంత్రం చెయ్యండి, ఇంకో కౌన్సెలర్ ఉంటారు. మధ్యాహ్నాలు నేనొక్కదాన్నే."

"రోజూనా?"

"రోజూ. ఎవరికో చెయ్యబోయి మాకు చేశారా ఏంటి?"

"లేదు, ఈ నంబరే. ఇంతకీ ఇది ఏ ఆఫీసు?"

"బావుంది వరస! ఫోన్ చేసింది మీరు, అడిగేదీ మీరేనా? పిల్లలు పుట్టని ఆలుమగలు కష్టం సుఖం చెప్పుకునే చోటండీ. పేరడగం, నంబరు మాకు కనబడదు... ఉన్నారా?"

"ఉన్నాను."

"మీదీ అదే బాధా?"

"అదే. అంటే... అదే. తాడో పేడో తేల్చుకుందామని చేశాను. ఇప్పుడేం మాట్లాడాలో తెలీడం లేదు."

"ఏదైనా మాట్లాడండి. మీ ఆవిడకి తెలుసా, ఫోన్ చేస్తున్నట్టు?"

"తెలీదు. మేడం, ఆడవాళ్ళు చేస్తే ఎంతసేపు మాట్లాడతారు?"

"కొందరు గంట కూడా మాట్లాడతారు."

"నవ్వుతారా?"

"ఎందుకు నవ్వరు? పిల్లల్లేనివాళ్ళు నవ్వకూడదని ఎక్కడైనా రాసుందా? వాళ్ళ సంగతి వదిలేసి మీ సంగతి చెప్పండి. వైద్యం ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయింది. మూడోసారి కూడా నిలవలేదు. ఇక లాభం లేదన్నారు."

"అయ్యో. ఆవిడ ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటుంది, ఉంది. పొడి పొడి మాటలు. తాళం ఎక్కడ, కూర వడ్డించనా, అంతే."

"అంతకుముందు?"

"అంతకుముందు వాగుడుకాయ. ఆగమన్నా ఆగేది కాదు. ఆ రోజు ఆస్పత్రి నుంచి వస్తూ బస్సులో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అందరూ చూస్తున్నారు. నేను..."

"మీరు?"

"కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను."

"పోనీ, ఇంటికెళ్ళాకైనా దగ్గరికి తీసుకున్నారా?"

"ఏం చెప్పి తీసుకుంటాను?"

"ఏమీ చెప్పక్కర్లేదు."

"మాటలు మీకు తేలికే. మాట్లాడినందుకు జీతమిస్తారు."

"సరే, కోపమంతా నా మీద తీర్చేసుకోండి. నన్నిక్కడ కూర్చోబెట్టిందే అందుకు."

"కోపం కాదు మేడం. నాకు చేతకాదు. అలాంటి ఇంట్లో మగాడు ఎలా ఉండాలి? సరిగ్గా ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అసలు?"

"ఉన్నాడు తమ్ముడూ. ఒకరి మాట ఇంకొకరికి చెప్పకూడదు గానీ, మంచిమాటే కదా, చెబుతాను. ఒకమ్మాయి రోజూ నాకు చేస్తుంది. వాళ్ళకీ ఇక లాభం లేదన్నారు. కానీ ఆ మొగుడున్నాడే, బంగారం! ఇంటికి రాగానే రెండు చేతులూ చాపుతాడట. జిడ్డు, గోళ్ళ నిండా నలుపు. ఆమె బ్రష్షుతో రుద్దుతుంటే, ఆ రోజు లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో, లోపల ఎలా బావురుమన్నారో కథలు కథలుగా చెబుతాడట."

"లిఫ్టులోనా?"

"లిఫ్టులు బాగుచేస్తాడులే. ఆ పిల్ల అవన్నీ నాకు చెప్పి పడీ పడీ నవ్వుతుంది, నన్నూ నవ్విస్తుంది. ఆమెని పిచ్చుకా అని పిలుస్తాడట. వింటున్నారా?"

"వింటున్నాను. ఇంకా?"

"బిడ్డ కోసమని ముందే ఒక గది సిద్ధం చేసుకున్నారట, పాపం. ఒకరోజు అతనే ఆ గది తలుపు తీసి, ఆమె కుట్టుమిషను మోసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టాడట. 'మనిద్దరం చాలు పిచ్చుకా, ఈ గది ఇక నీది' అన్నాడట. చెబుతూ చెబుతూ ఏడ్చేసిందా పిల్ల. మొగుడంటే అలా ఉండాలి."

"పసుపు గోడలు."

"అవును, పసుపే అంది... మీకెలా తెలుసు?"

"నేనే వేశాను. రంగు చాలక ఒక మూల తెల్లగా మిగిలిపోయింది."

"తమ్ముడూ..."

"మిషను హాల్లోనే ఉందక్కా. ఆ గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతున్నాను. చేతులు పనిచోటే కడుక్కుని వస్తాను. పిచ్చుకా అని పిలిచి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తులేదు."

"అయ్యయ్యో, ఎంత పని చేశాను! నోరు జారాను. ఏదీ, ఫోను ఒక్కసారి ఆమెకివ్వండి."

"ఈ ఫోను ఆమెదే. ఇంట్లో వదిలేసింది. రోజూ చేసిన నంబరు ఇదొక్కటే ఉందందులో."

"ఆమె ఎక్కడ మరి?"

"రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని ఎవరితోనో ఫోన్లో నవ్వుతోందని పక్కింటావిడ చెప్పింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నాతో మాటే లేదు, వాడితో నవ్వులా? పొద్దున నిలదీశాను, ఎవడు వాడని."

"ఏమంది?"

"దాచలేదు. 'ఉన్నాడు. నీకంటే మంచివాడు' అంది. వాడి అంతు చూద్దామనే ఈ నంబరు కొట్టాను."

"ముందు వెళ్ళి వెతకండి! పుట్టింటికి వెళ్ళిందేమో, స్నేహితులెవరైనా..."

"పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. స్నేహితులంటే మీరే. 'అయితే పో, వాడి దగ్గరికే పో' అని గెంటి తలుపేశానక్కా. ఎక్కడికని పోతుంది?"