మూడు కోటింగుల రాకెట్టు

రంగుల మేస్త్రి నోరు తెరిస్తే కోతలే. ఆ రోజు మాత్రం ఆ కోతలకి పని పడింది. పార్కులో రెండో శిల్పం నిలబెట్టడానికి పెద్ద మేస్త్రిని ఎంచుకోబోయే ఇంజినీరమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుగా బ్రష్షు తప్ప ఎరగని మనిషికి ఒక్కసారైనా పెద్ద మేస్త్రి అనిపించుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఎదురుగా కూడలిలో మొదటి శిల్పం మెరుస్తోంది. మూడు ఇనప రింగులు, మధ్యలోంచి దూసుకుపోయే వంకర కమ్మీ. అంతరిక్ష ప్రయాణమట. చూసినవాళ్లు కొందరు రాకెట్టన్నారు, కొందరు విరిగిన ఫ్యానన్నారు.

"దానికి రంగేసింది నేనే," అని మొదలుపెట్టాడు మేస్త్రి, ఆమెని చూడనట్టు చూస్తూ. "మూడు కోటింగులు. ఆరాక క్రేను వచ్చి ఎత్తబోయింది, దాని తరం కాలేదు. పోనీలే అని ఓ పక్క నేను భుజం పట్టాను."

"భుజమా?" అన్నాడు టీ కొట్టు బాబాయి.

"ఎడమ భుజమే బాబాయ్, కుడి చేతిలో టీ గ్లాసుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాస్త గట్టిగా ఎత్తేసరికి అది సర్రున పైకి లేచింది, ఎవరి నెత్తిన పడుతుందోనని రింగు పట్టుకుని వేలాడాను, మబ్బులు దాటాం, గాలి దాటాం, చందమామ దగ్గర ఆగాం. డబ్బాలో కాస్త రంగు మిగిలింది కదా అని దానికీ ఓ చెయ్యి వేసొచ్చా."

"మరి అమావాస్య సంగతో?"

"ఆ వైపు ఇంకా నల్ల ప్రైమరే కొట్టాను బాబాయ్, పై రంగు పడలేదు."

ఇంజినీరమ్మ కూడా నవ్వింది. దాంతో మేస్త్రికి కొమ్ములొచ్చాయి.

"తిరిగొస్తూ నేనే నడుపుకొచ్చి దిమ్మ మీద దించా. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకో మనిషి చెయ్యి పడితే ఒట్టు."

"అయితే మీరేనన్నమాట," అంది ఇంజినీరమ్మ గ్లాసు కింద పెడుతూ. "నిన్న శిల్పిగారు వచ్చి చూసి తల పట్టుకుని కూర్చున్నారు. దాన్ని తలకిందులుగా నిలబెట్టారట. ఎవరి పనా అని వాకబు చేస్తున్నాను."

మేస్త్రి గబుక్కున చేతులు జోడించాడు.

"అమ్మా, ఏదో సరదాకి అన్నానండీ. రంగు వేశాను, అంతే. క్రేను వచ్చేసరికి ఇంట్లో నిద్రపోతున్నాను, కావాలంటే మా ఆవిడనడగండి."

"ఏది పైకో తెలియలేదంటున్నారు క్రేను వాళ్లు. శిల్పిగారేమో 'ఇటు పైకి' అని జానెడు అక్షరాలతో రాసి, బాణం కూడా గీశానంటున్నారు. మరి అవేమైనట్టు?"

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, అయినా పనితనం దగ్గర అబద్ధం నోటికి రాలేదు.

"నేను మూడు కోటింగులేస్తే కింద అక్షరం కనబడదండీ," అన్నాడు నెమ్మదిగా.

"ఈ ఒక్క మాట మాత్రం నమ్ముతాను," అంది ఇంజినీరమ్మ లేస్తూ. "ఆ మూడు కోటింగులూ గీకడానికి రేపు పొద్దున్నే ఉప్పుకాగితం తెచ్చుకోండి."