ఇరవై మైళ్ళ లోపల

ప్లేనోలో ‘లూసీ వంటిల్లు’ అనే భోజనాల కొట్టు. కౌంటర్ దగ్గర కొట్టు నడిపే లూసీ, ఆమె చర్చికే వచ్చే ప్రిస్సిల్లా. శుక్రవారం సాయంత్రం ఐదు దాటింది.

"ముందు కూర్చోమ్మా. నీళ్ళు తాగు. ఆయాసపడుతున్నావు."

"నీళ్ళొద్దాంటీ. ఆ వీడియో ఆపండి."

"ఏ వీడియో?"

"ఏ వీడియో అంటారేంటి. నా మొహం ఉన్న వీడియో. 'చచ్చిపోదామనుకున్నా' అంటాను, వెంటనే మీ పప్పన్నం డబ్బా వస్తుంది, వెనక మ్యూజిక్. కింద మీ కొట్టు అడ్రసు. ఆ వీడియో."

"ఓ, అదా. అది షాలేం రాజు చేశాడు. చర్చిలో సౌండ్ చూస్తాడే, అతను. మన కొట్టు యాడ్స్ అతనే చూస్తాడు. నాకేం తెలుసమ్మా అవన్నీ."

"మీరు చూడలేదా?"

"చూశా. చూశాననుకో. ఎంతమందికి దీవెనకరంగా ఉందీ, ప్రభువు నిన్ను కాపాడాడని నువ్వు చెప్పిన సాక్ష్యం..."

"కింద 'ఆర్డర్ నౌ' అని బటన్ పెడితే దాన్ని సాక్ష్యం అనరాంటీ."

"రాజు కస్టమర్ టెస్టిమోనియల్ అన్నాడు. రెండూ ఒకటేగా?"

"ఒకటి కాదు."

"మొదటి మూడు సెకన్లలో జనం ఆగాలంట. ఆగకపోతే వేలితో తోసేస్తారంట. పులిహోర వీడియో పెట్టాం, ఎవడూ ఆగలేదు. గుత్తొంకాయకీ ఆగలేదు. దానికీ డబ్బు కట్టాను, దీనికీ కట్టాను..."

"నేను చస్తానంటే ఆగారు."

"అట్లా అనకు తల్లీ."

"నేనొక్కసారే అన్నాను. మీ యాడే రోజూ అంటోంది."

"ఉండు, ఫోను. ...అవునండీ, లూసీ వంటిల్లు. అవును, ఆ వీడియోలో పప్పన్నమే. రెండా? అరగంటలో రెడీ. ...చెప్పమ్మా."

"చెప్పేదేముంది. విన్నాను."

"పోనీ నీకొచ్చిన నష్టమేంటి? పేరు వెయ్యలేదుగా. పేరు వద్దని నేనే చెప్పా రాజుకి."

"ఇండియన్ స్టోర్లో బిల్లు వేసే ఆవిడ నా చెయ్యి పట్టుకుని 'ఇప్పుడు పర్లేదా అమ్మా' అంది. నేనెవరో ఆవిడకి తెలీదు. నేను చచ్చిపోదామనుకున్న సంగతి మాత్రం తెలుసు. అయినా నా బాధ అది కాదు. నతానియేల్‌కి తెలీదు."

"నీ మొగుడికి చెప్పలేదా?"

"అప్పుడు ఆయన ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోయి దేశం వదిలి పోవాలి. ఇంటర్వ్యూలని ఆయన హెర్న్‌డన్‌లో ఫ్రెండ్ ఇంట్లో నేలమీద పడుకుంటుంటే, ఫోన్ చేసి ఇదెట్లా చెప్పను? చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. చెప్తాను, నా నోటితో, నాకు ధైర్యం వచ్చిన రోజు."

"మరింకేం. అతను ఉద్యోగమొచ్చాక కూడా అంత దూరాన ఆ హెర్న్‌డన్‌లోనేగా ఉండేది. ఈ యాడ్ మన కొట్టుకి ఇరవై మైళ్ళ లోపల ఉన్న తెలుగువాళ్ళకే పోద్దన్నాడు రాజు. దాటి ఒక్క అడుగు పోదంట."

"ఆయన ఫ్లైట్ ఏడింటికి దిగుతుంది."

"ఇవాళా?"

"రెండు వారాలకోసారి వస్తాడుగా. ఇంటికొచ్చే దారిలో మీ ఇరవై మైళ్ళలోకి వస్తాడు. తెలుగువాడు. ఆకలితో ఉంటాడు. క్యాబ్‌లో కూర్చుని ఫోన్ తీస్తాడు. ఆయనకి చూపించకుండా ఇంకెవరికి చూపిస్తుందాంటీ అది?"

"ఆగు, రాజుకి చేస్తా. ...మోగుతోంది. మోగుతోంది... ఎత్తట్లేదు. నేనేం చెయ్యను, అతనే ఆపాలి."

"మధ్యాహ్నం నాకు ఎత్తాడు."

"ఏమన్నాడు?"

"ఆపే బటన్ మీ ఫోన్‌లోనే ఉందన్నాడు. డబ్బు కట్టేది మీరు కాబట్టి ఆపేదీ మీరేనట. ఆంటీ నొక్కితే నిమిషంలో ఆగిపోద్ది అన్నాడు."

"అతనంతే. అన్నీ ఎదుటోళ్ళ మీదకి తోస్తాడు."

"వీడియో ఎవరిచ్చారనీ అడిగాను. అది మాత్రం చెప్పలేదు."

"ఎవరో పెట్టుంటారు. గ్రూపులో..."

"ఏ గ్రూపులోనూ లేదు. అది పర్సిస్ అక్క ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. ఏడుగురం. ఈ మాట గది దాటకూడదని నేనంటే అందరూ ఆమెన్ అన్నారు. మీరూ అన్నారు. గట్టిగా అన్నారు."

"అన్నాను. అయితే?"

"యాడ్ చివర ప్రార్థన ఉంది. అందరూ ముసుగేసుకుని, తల వంచుకుని, కళ్ళు మూసుకుని. లెక్కపెట్టాను. నాతో కలిపి ఆరుగురు."

"ఎవరో బాత్రూమ్‌కి..."

"ఆంటీ."

"ఉండు, ఆ పప్పన్నం డబ్బాలు కట్టాలి."

"ప్రార్థనలో కళ్ళు తెరిచింది ఎవరాంటీ?"

"ఏడుస్తూనే తీశానమ్మా. నిజంగా. నువ్వు చెప్తుంటే నా కళ్ళవెంట నీళ్ళాగలేదు."

"వీడియో ఒక్కచోట కూడా కదల్లేదు."

"మరి నేనేం చెయ్యనే? ఏం చెయ్యను? పద్నాలుగేళ్ళు డేకేర్‌లో ఊరందరి పిల్లల ముక్కులు తుడిచి పెట్టాను ఈ కొట్టు. తెరిచాక ఏడు వారాలు ఈగలు తోలుకున్నా. వండటం, రాత్రికి చెత్తలో పొయ్యటం. చర్చిలో అందరూ వస్తామంటారు, ఎవడూ రాడు. ఇప్పుడిప్పుడే నలుగురు తలుపు తోస్తున్నారు. ఇది ఆపానంటే మళ్ళీ నేను లేనట్టే. కడితే ఉన్నాను, కట్టకపోతే లేను. అట్లా పెట్టారు లోకాన్ని."

"తెలుసు. ఆ యాడ్స్ నడిపేవాళ్ళు మీ దగ్గర డబ్బు తిన్నారు, నా దగ్గర ఏడుపు తిన్నారు. వాళ్ళకేం కాలేదు. మనిద్దరం ఇక్కడ కౌంటర్ దగ్గర కొట్టుకుంటున్నాం. తెలిసే వచ్చాను. ఆపండి."

"సోమవారం పొద్దున్నే ఆపేస్తా. శని, ఆదివారాలు పోనీ. ఆ రెండురోజులే కదమ్మా కొట్టుకి బతుకు."

"ఏడింటికి ఫ్లైట్ అంటుంటే సోమవారం అంటారేంటి?"

"ఈ రెండురోజులూ ఫోన్ చూడొద్దని చెప్పు."

"ఎందుకని చెప్పమంటారు?"

"ఏదో ఒకటి. ఉపవాస ప్రార్థనని చెప్పు."

"సిగ్గు లేదాంటీ?"

"నోరు అదుపులో పెట్టుకో. ఆ నోరు ఇవాళ లేస్తోందంటే ఎవరి వల్ల? ఆ రోజు నేను నీ తలుపు కొట్టకపోతే నువ్వేమయ్యేదానివి? పక్కింటోళ్ళొచ్చారా? పాస్టర్‌గారొచ్చారా? పదిహేను నెలలైంది, ఒక్కసారన్నా దానికి బదులు నిన్నేమన్నా అడిగానా?"

"అడగలేదు."

"కొట్టు పెట్టకముందు ఇంట్లో వండి అపార్ట్‌మెంట్లకి డబ్బాలు మోసే రోజులవి. ఎన్ని తలుపులున్నాయి ఆ బిల్డింగులో? నీ తలుపే ఎందుకు కొట్టాను? ప్రభువు తోశాడు కాబట్టి. మర్నాడు ఆదివారం చర్చిలో నన్ను వాటేసుకుని ఏడ్చావు, మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. 'ప్రభువు చెప్పాడమ్మా' అన్నారు మీరు."

"చెప్పాడు కాబట్టే అన్నాను."

"నేను తలుపు తీసేసరికి మీరు లిఫ్ట్‌లోకి పోతున్నారు. డబ్బా గడప దగ్గరుంది. వెనక్కి తిరిగి చూడలేదు మీరు."

"తొందరలో ఉన్నాను. అయినా వచ్చింది నీకోసమే."

"నాకోసమే."

"నీకోసమే. ప్రిస్సిల్లా దగ్గరికి పో అని, నీ పేరు పెట్టి చెప్పాడు."

"డబ్బా మూత మీది చీటీలోనూ పేరుందాంటీ. అదితి, రెండొందల పన్నెండు. మా ఫ్లాట్ రెండొందల ఇరవై ఒకటి. ఆ చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది, సాక్ష్యంలో మాత్రం చెప్పలేదు. ఫోన్ ఇటివ్వండి."