జానెడు సందు

ఏందే వర్షా, ఆ ఫోన్ల తల పెట్టి ముక్కు చీదుతున్నవ్? జలుబు చేసిందా, సీరియలా? సీరియలేనా? నాకు తెలుసు. ఏమైందంట? కోడలును చెల్లె పెండ్లికి పోనిస్తలేదా అత్త? అయ్యో, నా కాలం నుంచి గదే కథ, చీరలు మారినయ్ అంతే. ఏడువు బిడ్డా, ఏడువు, నేనేం అంటలే. నువ్వు గట్ల చున్నీతోని కండ్లు ఒత్తుకుంటుంటే నాకు మా అత్తనే కనవడ్తుంది. మీ తాత తల్లి, మద్దిలేటమ్మ. నీకేం తెల్సు, నువ్వు పుట్టకముందే పాయె. చిన్నప్పుడు గోడ మీద ఫోటో చూసి జడుసుకునేదానివి, గా ముక్కుపుల్ల, గా చూపు. మనిషి చూపు గూడ గట్లనే ఉండేది. నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చినంక రెండేండ్ల దాక మొకం ఎత్తి మాట్లాడలేదంటే చూసుకో. కని సాయంత్రం ఏడుకొట్టి టీవీల గౌరి సీరియల్ మొదలైందనుకో, అంతే, ఆమె పసిపిల్ల లెక్క అయిపోయేది.

సీరియల్ అసలు పేరు నాకు యాదికి లేదు. గౌరి అనే కోడలు పిల్ల ఉంటది, బంగారమసొంటి పిల్ల, దానికి ఒక అత్త. మనం గౌరి సీరియల్ అనేటోళ్లం. అప్పట్ల మన సందు మొత్తానికి కలర్ టీవీ మన ఇంట్లనే. యాడ పెట్టిన్రు అనుకుంటున్నవ్? మగ్గం ఉన్న అర్రలనే. దేవుని పటాలు తీపిచ్చి వంటింట్ల పెట్టిచ్చింది మా అత్త, ఆ గూట్ల టీవీ పెట్టిచ్చింది. మీ తాత అన్నడు, అమ్మా, దేవుళ్లను పొగల పెడ్తవా అని. "దేవుళ్లు ఏడికి పోతర్ర, ఈడనే ఉంటరు. గౌరి అయితే అర్ధగంటే ఉంటది" అన్నది. గసొంటి మనిషి. మోకాళ్లు పట్టుకపోయి మగ్గం మీద కూసునుడు మానేసి అప్పటికే పదేండ్లు. రాట్నం ముందు కూసోని, మగ్గం మీద అటు ఇటు ఉరికే నాడెల పెట్టే కండెలకు దారం చుట్టేది, చుట్టుకుంట సీరియల్ చూసేది. నేను వంటింట్ల రొట్టెలు కొట్టుకుంట రాట్నం చప్పుడు వింటనే కథ చెప్పేదాన్ని. రాట్నం బుర్రు బుర్రుమని ఉరికిందంటే ఆ టీవీ అత్త ఏందో తిట్టిందన్నట్టు. నిమ్మలంగ తిరిగితే మొగుడు పెండ్లాలు మాట్లాడుకుంటున్రు. సప్పుడే లేదనుకో, అగో, గౌరి ఏడుస్తుంది, మా అత్త గూడ ఏడుస్తుంది. ఒకనాడైతే ఆ టీవీ అత్త గౌరి అన్నం పళ్లెం గుంజుకున్నది చూడు, మా అత్త చేతుల ఉన్న కండె తీసి టీవీకేసి కొట్టింది! ఠంగుమన్నది. నీ చేతులు ఇరగ, నీ ఇంట్ల పీనుగెల్ల అని లేచి నిలవడ్డది. మోకాళ్లు నొస్తయని నీళ్లకు గూడ లేవని మనిషి!

మా పక్కింటి కుబ్రా బేగం గూడ వచ్చేది చూడనీకి. బాబా సైకిలు దుకాణం అంటరు చూడు, ఆ బాబా పెండ్లామే. మగ్రీబు నమాజు చేసుకోని, తలమీద కొంగు సర్దుకోని, సక్కగ వచ్చి మా అత్త పక్కన కూసునేది. మా అత్త వక్కలు కత్తిరించి ఇస్తే నమిలేది. మా అత్తకు ఈ లోకంల ఎదురు చెప్పే మనిషి ఉందంటే ఆమె ఒక్కతే. మద్దిలేటక్కా, జర ఆగు, తిట్లు తర్వాత, ముందు మాట విననీయి అనేది. మా అత్త గమ్మున అయ్యేది! మేమంత నోరు తెరిచి చూసేటోళ్లం.

గౌరి ఒకసారి కడుపుతోని ఉన్నప్పుడు మెట్ల మీద నుంచి పడిపోతే దవాఖానల పెట్టిన్రు. వారం రోజులు కండ్లు తెరుస్తలేదు పిల్ల. మా అత్త పరేషాన్ అంటే పరేషాన్. బీచుపల్లి అంజన్నకు మొక్కింది, పిల్ల సల్లగ లేస్తే పదకొండు టెంకాయలు కొడ్త అని. సోమవారం గౌరి కండ్లు తెరిసింది. మంగళవారం పొద్దున్నే బస్సెక్కి బీచుపల్లికి పోయినం, నేను, ఆమె, టెంకాయల సంచి. అర్చన చేపిస్త అన్నది. అయ్యగారు అడిగిండు, ఎవరి పేరు మీదమ్మా? గౌరి. గోత్రం? మా అత్త నా మొకం చూసింది, నేను ఆమె మొకం చూసిన. "గోత్రం సీరియల్ల చెప్పలేదు స్వామీ... మా గోత్రమే పెట్టు" అన్నది! నవ్వకు, నవ్వకు, నేను గూడ అప్పుడు ఆపుకోలేక స్తంభం చాటుకు పోయి నవ్విన. కని వర్షా, వచ్చేటప్పుడు బస్సుల కూసోని కృష్ణ నది దిక్కు చూసుకుంట నాకు లోపల సుర్రుమన్నది. నాకు పసికర్లు అయి, కండ్లు పచ్చగై నెల రోజులు పడుకున్న, ఒక్క టెంకాయ కొట్టలేదు. టీవీల పిల్లకు గోత్రం గూడ ఇచ్చిందే అని. కుళ్లు అనుకో, ఏమన్న అనుకో.

ఆఁ, ఏం చెప్తుంటి? పెండ్లి. మా తమ్ముడు చెన్నయ్య పెండ్లి. బిజినేపల్లి తాత ఉన్నడు గద నీకు, ఇప్పుడు బట్టతల. నాకంటే పన్నెండేండ్లు చిన్నోడు. మా అమ్మకు పానం బాగలేకుంటే నేనే సంకన ఎత్తుకోని పెంచిన. వాని పెండ్లి బుధవారం అని కార్డు వచ్చింది. నేనొక్కదాన్నే ఆడబిడ్డను. కొత్త పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల లోపలికి వస్తుంటే గడపకు అడ్డం నిలవడి పేర్లు చెప్పిచ్చేది ఎవరు? నేనే. వాడు పుట్టిన కాడి నుంచి అనుకుంటున్న, ఈ మొండోనితోని పెండ్లాం పేరు ఎట్ల చెప్పిస్తనో చూడున్రి అని. అటు మగ్గం మీద చీర ఉండె. వనపర్తోళ్ల పెండ్లి చీర, శుక్రవారం వరకు దుకాణం సేటుకు ఇయ్యాలె. నీకు తెల్సు గద మన చీర సంగతి. నడుమంత నూలు, అంచు పట్టు. పట్టు దారానికి నూలు దారం మెలేసి పట్టాలె, పోగు పోగుకూ పట్టాలె, దాన్నే కుప్పడం అంటరు. పట్టకపోతే అంచుకూ చీరకూ నడుమ సందు పడ్తది, అవతలి మనిషి కనవడ్తడు. అది ఒక్క మనిషితోని కాదు. ఇటు అంచు మీ తాతది, అటు అంచు నాది. నేను లేస్తే మగ్గం పండుకుంటది. మా అత్త కార్డు చూసి అటు పెట్టి, "మగ్గం మీద చీర ఉండంగ గడప దాటుతరా? పెండ్లికి మీ మొగుడు పెండ్లాలు పోకుంటే పుస్తె కట్టరా ఏంది?" అన్నది. అయిపాయె. మీ తాత తల వంచుకున్నడు. నేను వంటింట్లకు పోయి రొట్టెలు కొట్టిన. గా రొట్టెలు గంత గట్టిగ ఎన్నడు కొట్టలే.

సోమవారం సాయంత్రం. గౌరి చెల్లెకు నిశ్చితార్థం ఉంది, గౌరి సంచి సర్దుకోని దిగింది. టీవీ అత్త అడ్డం నిలవడి, ఇంట్ల దీపం ఎవరు పెడ్తరు, పోవద్దు అన్నది. ఇగ చూడు మా అత్త! రాట్నం ఇడ్సిపెట్టింది. "నీ జిమ్మడ, పంపవే దాన్ని! తోడబుట్టిన దాని నిశ్చితార్థమే అది! ఒక్కనాడు దీపం నువ్వు పెడ్తె నీ చెయ్యి ఇరుగుతదా?" అని. అర్ర నిండ మనుషులు ఉన్నరు, అంత ఊఁ ఊఁ అంటున్నరు. నేను మగ్గం కాడ కూసోని కండ్లల నీళ్లు మింగుతున్న. అప్పుడు కుబ్రా బేగం వక్క నములుడు ఆపింది. మెల్లగ అన్నది. "మద్దిలేటక్కా, ఒక్కనాడు నాడె నువ్వు పట్టుకుంటే నీ చెయ్యి ఇరుగుతదా?"

ఏం చెప్పాలె నీకు. టీవీల అడ్వర్టైజ్‌మెంటు వస్తుంది, సబ్బుదో, దేనిదో, గా పాట ఒక్కటే ఇనవడ్తుంది. మీ తాత నాడె పట్టుకోని గట్లనే ఉండిపోయిండు. కుబ్రా బేగం లేచి, మేక అరుస్తుంది నేను పోత అని పోయింది. ఆమెకు మేకనే లేదు! ఆ రాత్రి మా అత్త అన్నం తినలే. నాకు బుగులు పట్టింది, ఇగ తెల్లారితే నా పని ఉంది అని. తెల్లారింది. నేను కళ్లాపి చల్లి లోపలికి వచ్చి చూస్తే, మగ్గం కాడ నా తావుల మా అత్త కూసోని ఉంది! మోకాళ్ల కింద దిండు, కండ్లకు అద్దాలు, చేతుల నాడె. నా దిక్కు చూడలే. "వనపర్తి బస్సు ఏడుకు. ఆడ మారాలె. ఏం చూస్తున్నవ్, నా మొకంల పూలు పూసినయా? పో" అన్నది.

ఒక్కదాన్నే పోయిన, ఎంత సంబురంగ పోయిన అంటే చెప్పులు ఒకటి నాది, ఒకటి మీ నాయినది. వనపర్తిల దిగినంక చూసుకున్న. పెండ్లి అయింది. గడపకు అడ్డం నిలవడ్డ. చెన్నయ్య గాడు పేరు చెప్పడు! సిగ్గు! గంట సేపు నిలవెట్టిన. పెండ్లిపిల్ల టక్కున చెప్పేసింది, వీడు మాత్రం నేల దిక్కు చూస్తుండు. ఆఖరికి మా అమ్మ బతిలాడ్తుంటే, సు... సు... సుగుణ అన్నడు. ఇంటిల్లిపాది ఇకిలిచ్చిన్రు. నేను వాని చెవు పట్టుకోని, ఇంకోసారి, ఇనవడలే అన్న. ఇప్పటికీ సుగుణ నాకు ఫోన్ చేస్తే గదే ముచ్చట.

శనివారం లడ్డుల డబ్బా పట్టుకోని ఇంటికి వచ్చిన. చీర మగ్గం మీద లేదు, పెట్టె మీద మడిచి ఉంది. సేటు వాపస్ పంపిండంట, వనపర్తోళ్లకు దుకాణంల ఇంకో చీర ఇచ్చిండంట. ఏందని విప్పి చూస్తే అంచు కాడ జానెడు పొడుగు కుప్పడం పట్టలే. జానెడు సందు! రెండు వారాల పని. నేను ఇగ తిట్లు పడ్తయని చూస్తున్న. మా అత్త లడ్డు కొరికి, "గౌరి కథ నడుస్తుండె. ఏడుపొచ్చింది. చెయ్యి తప్పింది" అన్నది. అంతే. ఆ చీర తెచ్చి నా ఒళ్లె పెట్టింది. "తమ్ముని పెండ్లికి నీకు చీర పెట్టకపోతిమి. ఇది కట్టుకో. సందు కుచ్చిళ్లల పోతది."

నేను అడిగిన, అత్తా, ఇంతకు గౌరి పోయిందా అని. పోయింది అన్నది. ఇగ మొదలుపెట్టింది చూడు, ఎట్ల చెప్పింది అంటే కండ్ల ముందర కట్టినట్టు. అన్న ఎడ్లబండి కట్టుకోని వాకిట్లకు వచ్చిండంట. అత్త అడ్డం నిలవడ్డదంట. గౌరి కొంగు బిగిచ్చి, నేను పోత అత్తా అని బండెక్కిందంట. తుంగభద్ర ఒడ్డు పొంటి పోతుంటే అన్న శనక్కాయలు ఒలిచి ఒలిచి చేతుల పోసిండంట. కుబ్రా బేగం పక్కనే కూసోని అవ్ అవ్, నిజమే, మస్తు ఏడ్సినం అంటుంది. నాకు జర అనుమానమొచ్చింది. సీరియల్ల అందరు కార్లల్ల తిరుగుతరు, ఎడ్లబండి యాడికెళ్లి వచ్చింది అని. అత్తను అడిగెటంత ధైర్యం నాకు యాడిది.

మా అత్త పోయినంక ఎన్నడో, దసరకు ఆ చీర కట్టుకున్న. మీ తాత చూసి నవ్వుకుంట అన్నడు. నువ్వు పెండ్లికి పోయినన్ని దినాలు కరెంటే లేకుండెనే, గాలికి సందుల స్తంభం ఇరిగింది, మంగళవారం పోయిన కరెంటు శనివారం వచ్చింది, టీవీ యాడిది అన్నడు. మరి గౌరి? అన్న. అప్పుడు చెప్పిండు. మా అత్త పుట్టిల్లు రాజోలి, తుంగభద్ర ఒడ్డునే. ఆమె అన్న తన పెండ్లికి చెల్లెను తోల్కపోదామని ఎడ్లబండి కట్టుకోని వస్తే, మగ్గం మీద చీర ఉందని వాళ్ల అత్త పంపలేదంట. బండి వాకిట్ల నుంచే మళ్లిపోయిందంట. గురువారం పగటి పూట నాడె విసురుకుంట కొడుకుకు చెప్పిందంట గా ముచ్చట, ఎన్నడు ఎవ్వరికి చెప్పంది. చెప్పినంత సేపు కుప్పడం పట్టలే. మీ తాత చూస్తనే ఉన్నడంట, ఆపబుద్ధి కాలేదంట.

ఆ పెట్టె తియ్యి. పైన ఉన్నది కాదు, కింద, మెరూన్ అంచు. ఆఁ, అదే. విప్పు, ఇటు పట్టు... ఇగో. ఏలు పెట్టి చూడు. ఇక్కడి నుంచి ఇక్కడ దాక. మీ తాత కుడ్త అన్నడు, నేనే వద్దన్న. గా ఎపిసోడు లోకంల ఇంకెవ్వరు చూడలే వర్షా. మా అత్త ఒక్కతే చూసింది.

...

సరే గని, మీ ఫోన్ల పిల్ల బస్సెక్కిందా లేదా? జర ఇటు తిప్పు, నాకు గూడ కనవడనీయి.