తాటాకు గొడుగు కింద నాన్న

హలో… ఆ, అన్నయ్యా, నేనే, నెరేయిదాని… అవును, మసత్లాన్ నుంచే. ఇది మా ఆయన రూబెన్ ఫోను. నాది ఇసకలో ఎక్కడో పడిపోయింది…

లేదు. బాగాలేం.

ఫౌస్తో, ఎక్కడున్నావ్ నువ్వు?… షెడ్డులోనా? ఆ మోటారు కాస్త ఆపమను… పక్కన ఎవరైనా ఉన్నారా?… సరే, ఏదైనా ఉంటే దాని మీద కూర్చో… టైరైనా సరే. నామాట విని కూర్చో…

నాన్న పోయాడన్నయ్యా.

…

హలో?… ఉన్నావా?…

ఇవాళే. ఇక్కడే, సముద్రం ఒడ్డున… కాదు, మునగలేదు. ఆయన నీళ్ళలో దిగిందెప్పుడు? పడక కుర్చీలో. పడుకున్నవాడు పడుకున్నట్టే… గుండె అంటున్నాడు హోటల్ డాక్టరు.

ఎన్నింటికి అంటే… అదే. దాని గురించే నీకు చెప్పాలి. నన్ను వరసగా చెప్పనీ. మధ్యలో ఆపితే మళ్ళీ ఏడుపు మొదలవుతుంది నాకు.

ఇక్కడ కుర్చీల గొడవొకటుంది. సముద్రం ఎదురుగా తాటాకు గొడుగులు ఉండేవి కాసినే, జనం చూస్తే ఊరికి ఊరు దిగినట్టు. తెల్లారకముందే వెళ్ళి ఎవరు తువ్వాలు పరిస్తే కుర్చీ వాళ్ళది… ఆ, బస్సులో రుమాలు వేసినట్టే. నాన్న కూడా అదే అన్నాడు. ముప్పైయేళ్ళు బస్సు నడిపినవాడికా సీటు పట్టడం మీరు నేర్పేది అని…

కానీ పరిచి వచ్చేస్తే కుదరదు. మనిషి లేకపోతే హోటల్ వాళ్ళు తువ్వాళ్ళు ఎత్తేస్తారు. అందుకని రోజూ చీకటితో లేవడం, అందరి తువ్వాళ్ళూ భుజాన వేసుకుని దిగడం, వరసగా పరవడం, చివరి కుర్చీలో తను కాపలా పడుకోవడం… మేం ఎవరం చెయ్యమనలేదన్నయ్యా. సరదాగానే చేశాడు. రెండో రోజు ఎవరో కెనడావాళ్ళు మన కుర్చీ లాక్కోబోతే దెబ్బలాడాడు కూడా. వాళ్ళకి మన భాష రాదు, ఈయనకి వాళ్ళది రాదు. అయినా గెలిచొచ్చాడు…

ఊఁ… నవ్వు వస్తుంది కదూ. నాకూ వచ్చింది అప్పుడు.

ఇవాళా అలాగే వెళ్ళాడు. మేం తిని, పిల్లలకి స్నానాల బట్టలు తొడిగి దిగేసరికి పడుకుని ఉన్నాడు. మొహం మీద టోపీ.

…అదేనన్నయ్యా. అదే జరిగింది. నీకు నేను చెప్పాలా?

ఇత్సెల్ 'తాతయ్యా' అని పరిగెత్తింది. నేనే రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. 'టోపీ మొహం మీద ఉంటే తాతయ్యని లేపకూడదు' అన్నాను. అమ్మ మనకి చెప్పిన మాటే, పొల్లుపోకుండా… రాత్రి బండి దిగొచ్చి నాన్న పడుకుంటే మనం ఇంట్లో పిల్లుల్లా తిరిగేవాళ్ళం కాదూ? ఒకసారి నువ్వు గిన్నె జారవిడిచావని అమ్మ నిన్ను వీధిలోకి తోసి తలుపేసేసింది… ఆ. ఆ భయమే. ఈ వయసు వచ్చినా పోలేదు. దాన్ని తీసుకెళ్ళి నా పిల్లలకి కూడా అంటించాను.

పొద్దంతా పక్కనే కూర్చున్నామన్నయ్యా. మామిడి ముక్కలు కారం చల్లుకుని తిన్నాం. రూబెన్ బీరు తాగాడు. తోన్యో ఆయన కుర్చీ కింద గొయ్యి తవ్వాడు. చిన్నవాడు, ఇసక కనిపిస్తే తవ్వడా… నేను 'తాతయ్య మీద పడకుండా తవ్వరా' అని మాత్రం అన్నాను. ఫొటో కూడా తీసుకున్నాం. అందరం నవ్వుతూ, వెనక ఆయన…

లేదు, పంపను. చూడకు నువ్వు.

మధ్యాహ్నం భోజనానికి లేద్దామనుకుంటుంటే అమ్మే వెళ్ళి టోపీ తీసింది. తీసి నన్ను పిలిచింది. అరవలేదు, ఏడవలేదు. 'నెరేయిదా, పిల్లల్ని లోపలికి పంపు' అంది. అంతే.

డాక్టరు వచ్చి నాన్న చెయ్యి చాపుదామంటే చాపలేకపోయాడు. కట్టెలా ఉంది. నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, తెల్లారేసరికే పోయారమ్మా అని… ఏం? ఎనిమిదింటికా? ఎనిమిదింటికి ఎక్కడ బతికున్నాడన్నయ్యా, తెల్లారేసరికే అంటున్నాను కదా… ఖాయంగా చెప్పాడు… మళ్ళీ ఎనిమిదంటావేంటి? ఎనిమిదింటికి ఏం జరిగింది?… సరే, వదిలెయ్.

ఇప్పుడా? ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ముందు గుమ్మం నుంచి కాదు, జనం బెదురుతారంట. మాసిన తువ్వాళ్ళు మోసే బండి ఉంటుంది చూడు, దాంట్లో పడుకోబెట్టి వంటిళ్ళ వెనకనుంచి… రూబెన్ వెంట వెళ్ళాడు. బండి కదిలేముందు హోటలమ్మాయొకతి కత్తెర పట్టుకొచ్చింది. ఇక్కడ తిండికీ తాగుడికీ అందరి చేతికీ పట్టీ కడతారు, నారింజ రంగుది. అది కత్తిరించి లోపల ఇచ్చెయ్యాలంట. అమ్మ ఆ కత్తెర లాక్కుని ఇసకలోకి విసిరేసింది… ఆ పిల్ల ఏడ్చింది పాపం. తన తప్పేముంది?

అమ్మ పక్క గదిలో పడుకుంది. అందుకే మెల్లగా మాట్లాడుతున్నాను… ఆ చప్పుడా? కింద ఈత కొలను దగ్గర పాటలు. మైకు పట్టుకుని ఒకడు అందరిచేతా గంతులు వేయిస్తున్నాడు. వాడికేం తెలుసు?

అన్నయ్యా, విను. నాకు ఒక సాయం చెయ్యి.

అమ్మ ఏమంటోందో తెలుసా… పదింటికి కూడా నాన్న తనతో మాట్లాడాడంటోంది. చలేస్తోందా అంటే 'ఊఁ' అన్నాడంట. డాక్టరుతోనూ అదే చెప్పింది. పొద్దంతా జపమాల తిప్పుతూ ఆయనకేదో చెబుతూనే ఉంది, నేను విన్నాను. మధ్యమధ్య తువ్వాలు సర్దింది. చనిపోయిన మనిషితో కబుర్లు చెప్పానని ఆవిడకి తెలీదు…

కింద పోలీసాయన కూర్చున్నాడు. ఇలా పోతే ఇంట్లోవాళ్ళ మాట రాసుకోవాలంట. డాక్టరు ఒకటీ, అమ్మ ఇంకోటీ చెబితే అనుమానం అని కోస్తారంట నాన్నని. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేమన్నాడు. ఆయన పైకి వచ్చేలోపు అమ్మకి చెప్పాలి. నువ్వు మాట్లాడిన మనిషి అప్పటికే లేడమ్మా అని… నావల్ల కాదు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను. నువ్వు చెప్పు. నీ మాటైతే తట్టుకుంటుంది…

ఎందుకు చెప్పలేవు?…

ఏ మొహం పెట్టుకుని అంటే? కొడుకు మొహం పెట్టుకుని… ఆపు. చర్చి పెళ్ళి కాదని ఆయన నీ పెళ్ళికి రాలేదు. నువ్వు వాళ్ళ యాభయ్యేళ్ళ పెళ్ళి పండక్కి రాలేదు. చెల్లుకి చెల్లు. రెండేళ్ళు మాటల్లేకుండా ఇద్దరూ బిగుసుక్కూర్చున్నారు, మధ్యలో అమ్మ నలిగిపోయింది. ఇంకా ఎవరి మీద పంతం నీకు? ఉన్నాడా ఆయన?…

ఏడవకు. నువ్వు కూడా ఏడిస్తే నేనెవరికి చెప్పుకోను…

ఆగు. ఒక్క నిమిషం…

అమ్మా? ఎప్పుడు లేచావ్?… అన్నయ్యతో. చెప్పాను… ఎంతసేపటి నుంచి నిలబడ్డావిక్కడ?… కూర్చో ముందు. నీళ్ళు తాగుతావా?… ఏం తెలుసు?…

అమ్మా, ఏం తెలుసు నీకు?

…

అన్నయ్యా, ఉండు. అమ్మ ఏదో అంటోంది… లేదు, ఫోను తీసుకోదంట, నన్నే చెప్పమంటోంది. చెప్తున్నానమ్మా, నువ్వన్నది అన్నట్టే చెప్తాను.

తనకి తెలుసంట అన్నయ్యా. మాకంటే ముందు దిగింది కదా, ఆయనకి కాఫీ పట్టుకుని. అప్పటికే చల్లబడిపోయి ఉన్నాడంట. కళ్ళు తెరుచుకునే ఉన్నాయంట. తనే మూసింది. టోపీ ఒళ్ళో ఉందంట… తీసి మొహం మీద తనే పెట్టింది.

మనం ఎవరం లేపమని తెలుసు కదా ఆవిడకి.

ఎందుకమ్మా? అంతసేపు… పిల్లలు పక్కన ఆడుతుంటే… ఎలా కూర్చున్నావమ్మా?…

చెప్తున్నా, చెప్తున్నా. అన్నయ్యా, హోటల్ వాళ్ళకి తెలిస్తే తీసుకుపోయి ఫ్రీజర్లో పెట్టి తాళం వేస్తారు, ఒక్కడూ పడి ఉంటాడు అంటోంది. మనింట్లో పోయినవాళ్ళని ఎప్పుడైనా ఒంటరిగా వదిలామా అంటోంది. మన తాతయ్య పోయినప్పుడు తెల్లవార్లూ కూర్చున్నాం కదా, కాఫీలూ తీపి రొట్టెలూ పేకాటా, మామయ్య మోటు జోకులకి అందరూ పగలబడి నవ్వడం… పరాయి ఊళ్ళో ఈయనకి అవన్నీ ఎవరు చేస్తారని… ఇదే శవజాగారం అనుకుందంట. పిల్లల గోల మధ్యలో, తిళ్ళ మధ్యలో ఆయన. పదింటికి మాట్లాడాడని అందుకే చెప్పింది, తెలిసీ కూర్చోబెట్టానని మేం తనని అసహ్యించుకుంటామేమోనని…

అసహ్యం ఏంటమ్మా. ఇలా రా. ఇలా రా నువ్వు…

పోలీసాయనకి ఏం చెబుతావ్ మరి?… డాక్టరు చెప్పిందే చెబుతుందంట. అది తను చూసుకుంటుందంట…

ఏమ్మా?… ఎవరికోసం ఆగావ్?… అడుగుతాను.

అన్నయ్యా, పొద్దున నీకు ఎన్నింటికి ఫోన్ చేసిందో నిన్నే అడగమంటోంది.

…

ఫౌస్తో.

…

అమ్మ ఫోన్ చేసిందా నీకు?… ఎనిమిదింటికి… ఏమంది?… గట్టిగా చెప్పు, వినపడట్లేదు… 'మీ నాన్న పడుకున్నాడు. ఇవాళ నిన్నేమీ అనడు. వచ్చి పక్కన కూర్చోరా' అంది… ఊఁ… ఇంకా?… బతిమాలిందా…

నువ్వేమన్నావ్?

…

చెప్పు. నేను విన్నా వినకపోయినా అమ్మ విన్నది కదా.

'లేచాక ఆయన్నే పిలవమను' అన్నావా.

ఊఁ.

లేదు, నేనేమీ అనట్లేదు. నీకెలా తెలుస్తుంది? ఎవరికైనా ఎలా తెలుస్తుంది… అంతేలే. నువ్వు ఎప్పుడూ అనే మాటే అది.

అప్పుడు బండి తీస్తే దురాంగో కొండల మీదుగా మధ్యాహ్నానికి వచ్చేసేవాడివంట. మాట అలా అన్నా వస్తావనే అనుకుందంట. హోటల్ గేటు కనపడేట్టు కుర్చీ తిప్పుకుని కూర్చుంది, నేను చూశాను… ఎండ కోసం తిప్పుకుందనుకున్నాను. నువ్వొచ్చి ఆయన పక్కన కాసేపు కూర్చున్నాక అప్పుడు అందరికీ చెబుదామని ఆగింది. భోజనాల వేళ కూడా అయింది. ఇంక రావని తీసేసింది టోపీ.

…

తిట్టట్లేదు. ఊరికే కిటికీలోంచి చూస్తోంది…

ఏం అడగమంటావ్?… అడుగుతాను. అమ్మా, ఇప్పుడు బయల్దేరి రానా అంటున్నాడు. తాళం చెవులు చేతిలోనే ఉన్నాయంట… రాత్రికల్లా వచ్చేస్తాడంట, ఆసుపత్రికే నేరుగా వస్తాడంట… అమ్మా. ఏదో ఒకటి చెప్పు. లైన్లోనే ఉన్నాడు.

…

అన్నయ్యా.

'పొద్దున పిలిచాను కదా' అంటోంది.

…అంతే అంది.

హలో?… అన్నయ్యా?…

పెట్టేశాడమ్మా.