ఒక్కడూ తాకని బంతి

1959 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ టీవీవాళ్లు వెర్లిన్ స్ట్రౌడ్‌కి అన్యాయం చేశారు. చేశారని చెప్పేది వెర్లినే. అప్పట్నించీ టులేర్ ఊళ్లో దొరికినవాడినల్లా పట్టుకుని చెబుతూనే ఉన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఒక శనివారం హోయిట్ సెలూన్‌లో టీవీ పెడితే, అప్పుడు వాళ్లు తీసిన బేస్‌బాల్ పోటీలే మళ్లీ వస్తున్నాయి. ఇద్దరు కొట్టుడుగాళ్లు, బంతి కంచె దాటితేనే లెక్క, దాటకపోతే అవుట్. గడ్డానికి నురగ పూయించుకుని కూర్చున్న వెర్లిన్‌కి నోరు ఊరుకుంటుందా? పైగా ఎదుట ఇడెల్లా ప్రూయిట్ కూర్చుని ఉంది. జులై నాలుగు పండక్కి ఊళ్లో పెట్టే కొట్టుడు పోటీలో బంతులు ఎవరు వెయ్యాలో తేల్చేది ఆవిడే. ఆ పనికి బడి వంటవాడొకడు పోటీ ఉన్నాడని వెర్లిన్ నెల్లాళ్లుగా ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు.

"అదిగో, బంతులు వేసే ఆ చోట ఉండాల్సింది నేను. ఒక్కరోజు వేశాను. మొదటివాడు కొండలాంటి మనిషి. వాడు బ్యాటు తిప్పేసరికే బంతి వెనక పట్టేవాడి చేతిలో ఉంది."

"తగల్లేదా?" హోయిట్ కత్తి సాన పడుతూ అడిగాడు.

"బంతి గాలి కూడా తగల్లేదురా. రెండోవాడికి ఇంకా గట్టిగా వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిల్ములో బంతే పడలేదని కెమెరావాడు ఏడుపు మొహం పెట్టాడు. వెనక పట్టేవాడి గ్లౌజు పొగలొస్తే బకెట్లో ముంచారు. ఆఖరి బంతి వాడిని చేరాక గానీ నా చెయ్యి కిందికి దిగలేదు. సున్నాకి సున్నా. కుళ్లుకుని ఆ ఆట టీవీలో వెయ్యకుండా తొక్కేశారు."

"ఒక్కడూ కొట్టలేదూ?" ఇడెల్లా మెల్లిగా అడిగింది.

"ఒక్కడూ తాకలేదమ్మా."

"మరి నువ్వు మాకెందుకయ్యా? జనం వచ్చేది బంతులు కంచె దాటుతుంటే చూద్దామని. కొట్టించుకునేవాడు కావాలి నాకు."

నురగ కింద వెర్లిన్ మొహం పాలిపోయింది. ఆరోజు అసలు జరిగింది అతనికి తెలుసు. అతను వేసిన బంతులన్నీ వరసగా వీధి అవతలి ఇళ్ల కప్పుల మీద పడ్డాయి. బంతులు అయిపోయి షూటింగే ఆగిపోయింది. కొట్టించుకోవడమే గొప్పయిన పని జన్మకొకటి దొరికితే, కొట్టించుకున్న సంగతే దాచుకున్నాడు పిచ్చి మారాజు.

"అది కాదు ఇడెల్లమ్మా, కొట్టారు."

"ఎన్ని?"

"అన్నీ. బంతులు అయిపోయేదాకా."

హోయిట్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "ఇన్నేళ్లలో నువ్వు కోసిన కోతల్లో ఇదే పెద్దది."

ఇడెల్లా లేచి గోడమీది పండగ పోస్టర్లో ఖాళీ నింపింది: బంతులు వేయువారు లమార్ బీసన్, బడి వంటవాడు. సోమవారం, 4 జులై 1988.