మూడో పిలుపు

జపాన్ నుంచి దిగిన మేడమ్ కుటుంబం ముందు కారులో వెళ్ళింది. వెనక, సామాన్ల కారులో డ్రైవరు ఖాదర్ హుస్సేన్, పనిమనిషి నాగరత్నమ్మ. దుబాయ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు.

"ఖాదర్ భాయ్... ఖాదర్ భాయ్... ఓ ఖాదర్ భాయ్, మిమ్మల్నేనండి."

"ఆఁ, చెప్పు నాగరత్నమ్మా."

"మూడుసార్లు పిలిస్తే గాని పలకరు గదా."

"రోడ్డు చూస్తున్నా. కొండల్లో వేణ్ణీళ్ళ స్నానమంట గదా, ఎట్టుంది?"

"చుట్టూ మంచండి. మధ్యలో పొగలు కక్కే గుంట. ఆడాళ్ళందరూ ఒంటిమీద నూలుపోగు లేకుండా..."

"ఆ ముచ్చట నాకొద్దులే."

"పెద్ద మేడమ్ మోకాళ్ళకి మంచిదని తీసుకెళ్ళారు. చెయ్యి పట్టుకోడానికి నేనూ దిగాలి కదండి. నా చేతిమీద పచ్చబొట్టు చూసి దిగనివ్వం అన్నారు. అక్కడ రౌడీలే పొడిపించుకుంటారంట."

"నిన్ను రౌడీ అనుకున్నారా?"

"అనుకున్నారు. పైన ప్లాస్టర్ వేసి దింపారు. వేడికి ఊడిపోయి, తేలుకుంటా పెద్ద మేడమ్ గడ్డం దాకా వెళ్ళింది. బయటికొచ్చాక మేడమ్ నా చెయ్యి ఫోటో తీశారు."

"నాకు పంపింది. ఏం రాసుందో చదివి చెప్పమంది."

"మీకు తెలుగు చదవడం..."

"నెల్లూరులో పదో తరగతి దాకా చదివింది తెలుగే. విజయదుర్గ అనుంది."

"అది నా పేరేనండి."

"నాగరత్నమ్మ ఎవరు?"

"మా అక్కండి. ముప్పై నిండందే ఇంటిపనికి పంపరన్నారు. నాకప్పుడు ఇరవయ్యారు. అక్క కాగితాలకి నా ఫోటో అంటించి పాస్‌పోర్టు తీశాడు ఏజెంటు."

"మరి చేతిమీద సొంత పేరేంది?"

"అంతర్వేది తీర్థంలో తప్పిపోతానని చిన్నప్పుడు మా అమ్మ పొడిపించిందండి. దొరికినోళ్ళు చదివి ఇంటికి పంపుతారని."

"మేడమ్ చదవగలిగినా ఇంటికే పంపేది."

"ముందు జైలండి. మా పిల్ల పది పాసయ్యేదాకా నేనిక్కడ ఉండాలి. మేడమ్‌కి ఏం చెప్పారు?"

"దేవత పేరని చెప్పా."

"అబద్ధం చెప్పారా?"

"అబద్ధమేముంది? దుర్గమ్మ దేవత కాదా?"

"ఊరికే ఎవరు చేస్తారండి ఇంత సాయం. మీకేం కావాలో చెప్పెయ్యండి."

"ఏం వద్దు."

"చెప్పండి, ఖాదర్ భాయ్... ఖాదర్ భాయ్... ఖాదర్ భాయ్."

"ఆఁ. నువ్వే నయం, అక్క పేరుకి ఒక్క పిలుపుకే పలుకుతావు. ఖాదర్ హుస్సేన్ మా అన్న పేరు. ఏడేళ్ళయినా నాకింకా మూడు పిలుపులు కావాలి."