అరెకరం కోసం రాఘవులు పండించిన టమాటా

దోర్నపాల్ రోడ్డు మీద బుల్లమ్మ టీ కొట్టు. తన అరెకరం టమాటా తోటకు మనిషి కావాలని రామనర్సయ్య నోరు తెరిచి అన్నాడో లేదో, బచేలి ఇనుప గనుల్లో పని మానేసి వచ్చిన రాఘవులు బెంచీ మీద ముందుకు జరిగాడు. ఈ తోట దొరక్కపోతే మళ్లీ గనికి పోవాల్సిందే. ఆ ఎర్రదుమ్ము మింగీ మింగీ అతనికి గని ముఖం చూడబుద్ధి కావడం లేదు.

"వేరే మనిషెందుకు రామనర్సన్నా, నేనున్న గదా! బచేలిల క్వార్టర్ ఎనక ఒక్కటంటే ఒక్క టమాటా మొక్క పెట్టిన. దాని గుట్టంత పిలకల్ల ఉంటది. కాండానికీ ఆకుకూ నడుమ మొలిచే పిలకను గిల్లిపారెయ్యాలె, మట్టికి తగిలే ఆకులు తీసెయ్యాలె. అప్పుడు బలమంత కాయకు పోతది. నేను గిల్లిన. కాయలు నా పిడికిలంత వచ్చినయి."

"పిడికిలంత వస్తయిలే," అన్నాడు రామనర్సయ్య. అంతే, రాఘవులుకు ఊపొచ్చింది.

"పిడికిలేందన్నా, గుమ్మడికాయంత! ఎందుకంటవా? ఎరువు. అందరూ పెంట ఎరువేస్తరు. నేను ఇప్పసారా కాచినంక మిగిలే పిప్పి తెచ్చి మొదట్ల పోసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొక్కకు నిషా ఎక్కింది! ఇంగ ఊగుకుంట పెరుగుడే. పిలక గిల్లి కింద పడేసేలోపల అక్కడ ఇంకోటి మొలిచేది. కర్ర పాతితే కర్ర దాటింది, కరెంటు స్తంభానికి కడితే స్తంభం దాటింది, గనులున్న బైలదిల్లా కొండెక్కి కూసుంది. డ్యూటీకి పోయేటోళ్లంత దాని నీడలనే నడిచిపోయేటోళ్లు."

"ఎండాకాలం సుఖంగుండి ఉంటది," అంది బుల్లమ్మ టీ వడపోస్తూ.

"నవ్వకు బుల్లక్కా! కొండకు నిచ్చెనేసి పిలకలు గిల్లిన. గని పెద్దసాబ్ వచ్చి, 'బస్ కరో రాఘవులూ, ఇంగ చాలు, ఆకులడ్డమొచ్చి గని కనబడతలేదు' అని బతిమాలిండు. సరే పొమ్మని మిగతా కాయలన్ని తెంపేసి, బలమంత ఒక్క కాయకే వదిలిన. అది పండింది సూడు! డంపర్ లారీల ఎక్కిస్తే ముందు చక్రాలు గాల్లకు లేచినయి. ఇనుపరాయి మోసే గూడ్సుబండి ఖాళీ చేయించి విశాఖపట్నం తోలిన. ఓడకెక్కిస్తుంటే జారి సముద్రంల పడి పగిలింది. ఆ పొద్దు జాలరోళ్లు వలేస్తే ఏమైందో తెలుసా? చేపలు పులుసుతో సహా వచ్చినయి!"

రాఘవులు మీసం దువ్వుకుని గర్వంగా టీ గ్లాసు అందుకున్నాడు. ఇక తోట తనదే అనుకున్నాడు.

రామనర్సయ్య తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "అయితే నువ్వొద్దులే రాఘవులూ. నాకున్నది అరెకరం. నీ కాయ ఒక్కటి దొర్లిందంటే సుక్మా దాకా ఊళ్లన్ని పోతయి. చిన్నకాయలు పండించేటోణ్ణి చూసుకుంట."

రాఘవులు గబుక్కున లేచాడు. గ్లాసు బెంచీ మీద పెట్టేసి వెంటపడ్డాడు.

"ఆగన్నా! గూడ్సు కాదు, డంపరెడే అనుకో."

"నా గట్టు మీద డంపర్ పట్టదు."

"పోనీ, ఎడ్లబండెడు."

"ఒక్క మొక్కకా?"

"బుట్టెడన్నా!"

రామనర్సయ్య ఆగకుండా రోడ్డెక్కాడు.

"సగం బుట్ట!" రాఘవులు అరిచాడు. "సగమేనన్నా. కానీ ఆ దుమ్ముల క్వార్టర్లోళ్లకు ఎవ్వరికీ ఒక్క కాయన్నా కాయలేదు. ఆ సగం బుట్ట నేను పండించిన!"

రామనర్సయ్య వెనక్కి తిరిగాడు.

"ఇది నమ్ముత. పద, తోట చూద్దువు."